ఆమెను నిద్రపోనివ్వండి



మన దగ్గర రెండు సంగతులు గొంతు తగ్గించి మాట్లాడుకుంటారు. ఒకటి ఆడవాళ్ళ నెలసరి, రెండోది మనసుకు వచ్చే జబ్బు. మొదటిది మగవాళ్ళ చెవిన పడకూడదంటారు, రెండోది ఊరివాళ్ళ చెవిన పడకూడదంటారు. ఈ రెండూ ఒకే స్త్రీకి ఒకే ఏడాదిలో కష్టంగా వస్తే ఆమె ఎవరితో చెప్పుకోవాలి? ఇది పాస్టరు రాయాల్సిన సంగతేనా అని కొందరికి అనిపించవచ్చు. ఆదివారం మన మందిరంలో చాపల మీద కూర్చునేవాళ్ళలో సగానికి పైగా నలభై దాటిన తల్లులే. వాళ్ళ కష్టం సంఘం కష్టమే.

మన సంఘంలో ఒక అక్క ఉంది. ఆమె సరేనన్నాకే రాస్తున్నాను, పేరూ ఊరూ రాయను. ఆమెకు బైపోలార్ డిజార్డర్ ఉందని చాలా ఏళ్ళ క్రితమే డాక్టర్లు చెప్పారు. ఈ జబ్బులో మనసు రెండు కొసలకూ పోతుంది. కొన్నాళ్ళు నిద్ర లేకపోయినా అలసట తెలియదు, మాట ఆగదు, చేతిలో డబ్బు నిలవదు. కొన్నాళ్ళు మంచం దిగబుద్ధి కాదు, బతకాలనిపించదు. మధ్యలో మామూలుగానే ఉంటారు. లిథియం మాత్రలు వేసుకుంటూ ఆ అక్క ఏళ్ళ తరబడి చక్కగా ఉంది. మిరప తోటలకు కూలికి పోయింది, కూతురి పెళ్ళి చేసింది, సండే స్కూలు పిల్లలకు పాటలు నేర్పింది.

నలభై ఆరు దాటాక నెలసరి తప్పడం మొదలైంది. రాత్రిళ్ళు ఒంట్లో ఆవిర్లు, చెమటకు జాకెట్టు తడిసి లేచి కూర్చోవడం. నిద్ర మూడు గంటలకు పడిపోయింది. రెండు నెలల్లో మనిషి మారిపోయింది. మొదట ఊరికే ఏడుపు. తర్వాత అర్ధరాత్రి లేచి వాకిలి ఊడ్చి గట్టిగా పాడటం. "మళ్ళీ గాలి సోకింది" అన్నారు కొందరు. "ముట్లుడిగే వయసులో అందరికీ ఉండేదే, ఓర్చుకోవాలి" అన్నారు ఇంకొందరు. ఈ రెండు మాటలూ కలిసి ఆమెను ఆసుపత్రికి దూరం చేశాయి. చివరికి ఆమె నా భార్యతో అన్న మాట ఇది: "అమ్మగారూ, నాకు దయ్యం పట్టలేదు. నాకు నిద్ర పట్టట్లేదు."

ఆ ఒక్క మాటలో అసలు విషయమంతా ఉంది. నెలసరి ఆగిపోయే ముందు కొన్నేళ్ళ పాటు ఈస్ట్రోజెన్ అనే హార్మోను ఒక నెల పెరిగి, ఒక నెల తగ్గి, నిలకడ లేకుండా ఉంటుంది. ఆ హార్మోను గర్భసంచి పనే కాదు, మెదడులో నిద్రకూ మనసు నిలకడకూ సంబంధించిన పనులు కూడా చూస్తుంది. దానికి రాత్రి చెమటలు తోడై నిద్ర చెడుతుంది. బైపోలార్ ఉన్నవాళ్ళకు నిద్ర చెడిందంటే జబ్బు తిరగబెట్టడానికి తలుపు తీసినట్టే. బ్రిటన్‌లో సుమారు 1,28,000 మంది స్త్రీల వివరాలు పరిశీలించి 2024లో ఒక అధ్యయనం ప్రచురించారు. అంతకుముందు ఏ మనసు జబ్బూ లేనివాళ్ళలో కూడా, నెలసరి ఆగిపోయే ఆ కొన్నేళ్ళలో మేనియా మొదటిసారి రావడం రెట్టింపు కన్నా ఎక్కువగా కనిపించింది. మేనియా అంటే ఇందాక చెప్పిన ఆ పట్టలేని హుషారు. అందరికీ ఇలా అవుతుందని కాదు. చాలామంది ఈ వయసును ఇబ్బంది లేకుండానే దాటుతారు. కానీ కొందరికి కష్టమవుతుందనేది నిజం, అది వాళ్ళ విశ్వాసలోపం కాదు.

మన ప్రాంతంలో ఇంకో సంగతి కూడా ఉంది. కడుపునొప్పి అనో, తెల్లబట్ట అనో ముప్పై ఐదేళ్ళకే గర్భసంచి తీయించుకున్నవాళ్ళు మనలో ఎంతమంది ఉన్నారో మీకే తెలుసు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలను లెక్కిస్తే, దేశం మొత్తం మీద నూటికి ముగ్గురికి ఈ ఆపరేషన్ జరిగింది. తెలంగాణలో దాదాపు ఎనిమిది మందికి, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది మందికి జరిగింది. గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే, ఏళ్ళ మీద నెమ్మదిగా రావలసిన మార్పు ఒక్కసారిగా మీద పడుతుంది. బైపోలార్ ఉన్న చెల్లెలికి ఎవరైనా ఈ ఆపరేషన్ చెబితే, ముందుగా ఆమె వాడే మాత్రల సంగతి ఆ డాక్టరుకు చెప్పండి. అండాశయాలు ఉంచుతారా తీస్తారా అని అడగండి. అడగడం తప్పు కాదు.

ఇప్పుడు సంఘంగా మనం చేయవలసినవి మూడు.

మొదటిది, నిద్ర. ఈ జబ్బు ఉన్నవాళ్ళు సంపూర్ణ రాత్రి ప్రార్థనకు రానక్కర్లేదు. పాస్టరుగా నేనే చెబుతున్నాను. వాళ్ళ కోసం మనం మేలుకుందాం, వాళ్ళను పడుకోనిద్దాం. "ఎందుకు రాలేదమ్మా?" అని ఎవరూ అడగవద్దు.

రెండవది, నీళ్ళు. లిథియం వాడేవాళ్ళ ఒంట్లో నీళ్ళు, ఉప్పు తగ్గితే రక్తంలో ఆ మందు మోతాదు పెరిగి విషమవుతుంది. మన ఎండలు మీకు తెలియనివి కావు. మిరపకాయలు ఏరేటప్పుడు, తునికాకుకు పోయినప్పుడు నీళ్ళ సీసా చేతిలో ఉండాలి. నీళ్ళు కూడా ముట్టని ఉపవాసం వీళ్ళు చేయకూడదు. మోకాళ్ళ నొప్పులని ఆర్‌ఎంపీ దగ్గర వేయించుకునే డైక్లోఫినాక్ సూది, ఐబుప్రోఫెన్ మాత్ర కూడా లిథియం మోతాదును పెంచుతాయి. అందుకే ఏ డాక్టరు దగ్గరకు పోయినా "లిథియం వాడుతున్నాను" అని ముందే చెప్పాలి. చేతులు బాగా వణికినా, వాంతులు విరేచనాలు అయినా, నడుస్తుంటే తూలినా, మాట ముద్దగా వచ్చినా అదే రోజు ఆసుపత్రికి పోవాలి.

మూడవది, మాత్ర. స్వస్థత సాక్ష్యం చెప్పాలని మాత్రలు మానేయవద్దు. లిథియం ఉన్నట్టుండి ఆపితే జబ్బు మరింత వేగంగా తిరగబెడుతుంది. మోతాదు మార్చాలన్నా, హార్మోను మాత్రలు వాడాలన్నా డాక్టరే చెప్పాలి. లిథియం థైరాయిడ్‌ను కూడా మందగింపజేయవచ్చు. అప్పుడు వచ్చే నీరసం, దిగులు చూసి "ఇది వయసు ప్రభావం" అనుకుంటాం. మన అక్కకు కొత్తగూడెంలో రక్తపరీక్ష చేస్తే తేలింది అదే. థైరాయిడ్ మాత్ర కలిపారు, పాత మందు మోతాదు సరిచేశారు. కొన్ని వారాలకు నిద్ర తిరిగొచ్చింది. ఆవిర్లు ఇంకా ఉన్నాయి. పాటలు మళ్ళీ పగటిపూటే పాడుతోంది.

మనసు జబ్బు అంటే ఎర్రగడ్డకే పోవాలని మనవాళ్ళ భయం. ఇప్పుడు ఖమ్మంలో, కొత్తగూడెంలో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు ఉన్నాయి. 14416కు ఫోన్ చేస్తే టెలీ మానస్ వాళ్ళు పగలూ రాత్రీ ఉచితంగా తెలుగులో మాట్లాడతారు. ఇంకొక మాట. 2001లో తమిళనాడులోని ఏర్వాడిలో, మానసిక రోగులను గొలుసులతో కట్టి ఉంచిన చోట మంటలు లేచి 28 మంది చనిపోయారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగులను గొలుసులతో కట్టడాన్ని నిషేధించింది. ప్రార్థన పేరుతో ఎవరినైనా కట్టేసినా, కొట్టినా అది నేరం, పాపం కూడా.

ఏలీయా సంగతి గుర్తు చేసుకోండి. కర్మెలు కొండ మీద అంత గొప్ప కార్యం చూసినవాడే ఆ తర్వాత అరణ్యంలో బదరీవృక్షం కింద కూలబడి, చచ్చిపోతే బాగుండునన్నాడు. దేవుడు అతనికి ప్రసంగం చేయలేదు, దయ్యాన్ని గద్దించలేదు. నిద్రపోనిచ్చాడు. దూతను పంపి రొట్టె పెట్టించాడు, నీళ్ళు ఇప్పించాడు, మళ్ళీ నిద్రపోనిచ్చాడు. హోరేబుకు ప్రయాణం, దేవుని మెల్లని స్వరం, అవన్నీ ఆ తర్వాతే. నిద్ర, నీళ్ళు, ఆహారం ప్రార్థనకు పోటీ కావు. ఆ రోజు దేవుడు ఇచ్చిన జవాబే అవి.

ఈ వారం మీ ఇంటి పక్కన ఇలాంటి తల్లి ఉంటే ప్రార్థన చేయండి. చేశాక ఆమెతో పాటు బస్సెక్కి ఆసుపత్రికి వెళ్ళండి. అక్కడ మందుల చీటీ చదివి చెప్పే మనిషి లేక ఎంతోమంది మధ్యలోనే మానేస్తున్నారు. ఆ మనిషి మీరే అవ్వండి.

ప్రభువు మన తల్లులకు, అక్కలకు నెమ్మదినీ సుఖనిద్రనూ దయచేయును గాక. ఆమేన్.