బల్ల కింద కామిక్ పుస్తకం

కథ రాసినవాడు ఎవరికీ చూపించకుండా, నచ్చినన్నిసార్లు దిద్దుకోవచ్చు. కొత్త ఆట కట్టినవాడికి ఆ వీలు లేదు. నలుగురిని బతిమాలి కూర్చోబెట్టాలి. పాచికలు వాళ్ల చేతికిచ్చి, ఎంత ఉబలాటంగా ఉన్నా నోరు మెదపకుండా చూస్తూ ఉండాలి.

జర్మనీలో క్లౌస్ టాయ్‌బర్ అలా ఏళ్ల తరబడి చూశాడు. వృత్తి కట్టుడు పళ్లు చేయడం. ఆ పని అయ్యాక ఇంటి నేలమాళిగలో ఆటలు తయారుచేసి, పైకి తెచ్చి భార్యాపిల్లలతో ఆడించేవాడు. ఆట మధ్యలో చిన్నకొడుకు బల్ల కింద కామిక్ పుస్తకం పెట్టుకుని చదువుతుండేవాడట. భార్యకు ఉన్నట్టుండి ఉతకాల్సిన బట్టలు గుర్తొచ్చేవట. ఆయన ఆ ఆటను మళ్లీ కిందికి పట్టుకెళ్లేవాడు.

ఆ కుర్రాడంటే నాకు చాలా ఇష్టం. ‘బాగుంది నాన్నా’ అనడం ఎంతసేపు? మనవాళ్లు మన మొహం చూసి మాట్లాడతారు, అది వాళ్ల ప్రేమ. కానీ ఆట ఆడుతున్నప్పుడు చూపు ఎటు పోతుందో ఎవరూ దాచలేరు. తన వంతు కానప్పుడు మనిషి ఏం చేస్తున్నాడన్నది ఆటకు అసలైన పరీక్ష అని నా నమ్మకం.

1995లో టాయ్‌బర్ ‘కటాన్’ వచ్చింది. ఆ ఏడాదే జర్మనీలో మేటి ఆటకిచ్చే బహుమతి అందుకుంది. అందులో పాచికలు ఎవరు వేసినా సరే, పడిన అంకె పక్కన ఇల్లు కట్టుకున్న ప్రతివాళ్లకూ సరుకు వస్తుంది. పైగా బేరాలు: ‘గొర్రె ఇస్తా, ఇటుక ఇస్తావా?’ ఇక బల్ల కింద పుస్తకం తెరిచే తీరికెక్కడిది! రెండు పాచికలు 36 రకాలుగా పడితే అందులో ఏడు వచ్చేవి ఆరు, రెండు వచ్చేది ఒక్కటే. అన్నిటికన్నా తరచుగా వచ్చే ఆ ఏడును టాయ్‌బర్ దొంగకు అప్పగించాడు. ఏడు పడిందా, దొంగ కదులుతాడు. చేతిలో ఏడుకు మించి కార్డులు పోగేసినవాళ్లు సగం వదులుకోవాలి. గెలుస్తున్నవాడికీ గుండె దడ తప్పదు.

ఇంట్లోవాళ్లు, స్నేహితులు అయ్యాక ఇంకో మెట్టు ఉంటుంది. పెట్టె, నియమాల పుస్తకం ముక్కూమొహం తెలియనివాళ్లకు ఇచ్చి ఆడమంటారు. ‘అలా కాదండీ’ అని చెప్పే హక్కు కర్తకు ఉండదు. ఒక వాక్యం తికమకగా ఉంటే అక్కడే ఆట ఆగిపోతుంది, లేదా వేరే ఆట అయిపోతుంది.

అలా వేరే ఆట అయిపోవడం కూడా ఒక్కోసారి మేలే. మన అష్టాచమ్మా కట్టిందెవరో తెలియదు. తరతరాలు గవ్వలు వేసి, నచ్చినట్టు మార్చుకుంటూ వచ్చాయి. ఎదుటి కాయను ఒక్కదాన్నైనా చంపితే తప్ప లోపలి గడుల్లోకి రానివ్వని ఇళ్లున్నాయి. ఆ పట్టింపు లేని ఇళ్లూ ఉన్నాయి. మొదటి నియమంలోనే ఆట ఎక్కువ రక్తి కడుతుందంటాను నేను. చంపాల్సిన అవసరం ఉన్నప్పుడు ఎవరూ తన కాయల్ని మాత్రమే చూసుకుంటూ కూర్చోలేరు.

ఇప్పుడు చాలా ఆటల నియమాల పుస్తకాల్లో, ఆడి చూసినవాళ్ల పేర్లు చివర ఎక్కడో చిన్న అక్షరాల్లో వేస్తున్నారు. కర్త పేరేమో పెట్టె మీదే ఉంటుంది. సగంలో విసుగొచ్చి లేచిపోయినవాళ్ల పేర్లు కూడా అక్కడ, ఆ పెట్టె మీదే వేయాలని నా కోరిక.