చలికాలము రాకముందు

మేము ముగ్గురము. ఒకరిది గద్వాల, ఒకరిది వనపర్తి, ఒకరిది నాగర్‌కర్నూలు. మేము పుట్టినప్పుడు ఇదంతా ఒకటే పాలమూరు జిల్లా. 2016 అక్టోబరులో మూడు జిల్లాలయ్యాయి గాని, కెనడా దేశములోని విన్నిపెగ్ పట్టణములో ఒకే ఇంట అద్దెకుండి చదువుకొంటున్న మాకు ఇప్పటికీ ఒకటే జిల్లా. "ఆ ఊరు ఎట్లుంటది? ఏమేం చూసినరు? ఏం కొన్నరు?" అని ఫోనులో అడిగే పెద్దలందరికీ వేరువేరుగా చెప్పలేక ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న నేలను మనము నడిగడ్డ అంటాము. విన్నిపెగ్ కూడా రెండు నదులు కలిసేచోట పుట్టిన ఊరే. ఒకటి రెడ్ నది, మరొకటి అసినిబోయిన్ నది. తెల్లవారు రాకముందు వేల సంవత్సరాల నుండి ఆదివాసులు ఆ సంగమము వద్ద కలుసుకొని సరుకులు మార్చుకొనేవారు. ఆ స్థలమును ఫోర్క్స్ అంటారు. అక్కడ రైలు కంపెనీలవారి పాత గుర్రపుసాలలు ఉండేవి. వాటిని కలిపి 1989లో అంగడిగా మార్చారు. రొట్టెలు, చేపలు, తేనె, చేతిపని వస్తువులు అన్నీ దొరుకుతాయి. మన పెబ్బేరు సంతవలె కేకలు, బేరములు ఉండవు. చీటీమీద ఎంత ఉంటే అంతే, పైన పన్ను వేరు. మేము ప్రతి ధరనూ అరవైతో గుణించి రూపాయలు చేసుకొంటాము. గుణించిన తరువాత చాలావరకు చూచి సంతోషించి వచ్చేస్తాము.

చలికాలములో ఆ నదులు గడ్డకడతాయి. జనులు వాటిమీద నడుస్తారు, జారుడు బూట్లు కట్టుకొని పరుగెత్తుతారు. నీళ్లమీద నడవడానికి పేతురుకు విశ్వాసము కావలసి వచ్చింది, ఇక్కడివారికి చలి చాలు అని నవ్వుకొన్నాము.

శాసనసభ భవనపు గోపురముమీద బంగారు పూత పూసిన బాలుని విగ్రహము ఉన్నది. ఒక చేత దివిటీ, ఒక చేత గోధుమ పన. నదుల ఒడ్డున మానవ హక్కుల మ్యూజియము ఉన్నది, 2014లో తెరిచారు. పోర్టేజ్, మెయిన్ అనే రెండు పెద్ద వీధులు కలిసే కూడలిని 1979 నుండి కాలినడకన దాటనివ్వలేదు, భూమిలోపలి దారిన పోవలసి వచ్చేది. 2025 జూన్‌లో మళ్లీ తెరిచారు. మేమూ పోయి ఒకసారి దాటి వచ్చాము. వీటన్నిటి దగ్గర తీసిన ఫోటోలు మీలో చాలామంది చూసే ఉంటారు.

ఫోటోలో కనబడని సంగతి ఒకటి చెప్పాలి. 2024 జనవరి నుండి, చదువు రుసుము గాక ఒక్కొక్క విద్యార్థి తన ఖర్చులకు 20,635 డాలర్లు ఉన్నట్లు చూపాలని కెనడా ప్రభుత్వము నియమించింది. అంతకుముందు అది 10,000 మాత్రమే. తరువాత ఇంకా పెరిగింది. ఆ డబ్బు కొరకు మా ఇండ్లలో పొలము కుదువపెట్టినవారున్నారు, బ్యాంకు అప్పు తెచ్చినవారున్నారు. బడి నడిచే రోజులలో వారానికి 24 గంటలకు మించి బయట పని చేయకూడదని 2024 నవంబరులో మరియొక నియమము వచ్చింది. కాబట్టి ఆ పనివలన వచ్చేది అద్దెకు, తిండికి సరి.

అటువంటి సమయములో చలి వచ్చింది. జనవరిలో ఇక్కడ సున్నకు ముప్పై డిగ్రీల క్రిందికి పోయే రోజులుంటాయి. గాలి తగిలితే చెవులు మొద్దుబారతాయి. గొంగడి కప్పుకొని చేను కావలి కాసే మన చలి వేరు, ఈ చలి వేరు. మంచి కోటు కొత్తది కొనాలంటే రెండు మూడు వందల డాలర్లు. మేము వెళ్లే మందిరములో ఒక ముసలమ్మ మా పలుచని చొక్కాలు చూచి, మెన్నొనైట్ సెంట్రల్ కమిటీవారి దుకాణమునకు పొండి, అక్కడ వాడిన కోట్లు అగ్గువకు దొరుకుతాయి అని చెప్పింది.

మాలో ఒకరికి ఆ మాట గుచ్చుకొన్నది. ఎందుకంటే మా తాతలు పటేండ్ల ఇండ్లలో జీతమున్నవారు. పండుగకు దొర విడిచిన ధోవతి, దొరసాని విడిచిన చీర ఇస్తే చేతులు జోడించి తీసుకొన్నవారు. ఒకరు విడిచిన బట్ట తన పిల్లలు కట్టగూడదనే నాయన బొంబాయికి వలసపోయి మట్టి మోశాడు, పిల్లలను చదివించాడు. ఇంతదూరము వచ్చి మళ్లీ విడిచిన బట్టయేనా అని ఆ రాత్రి చాలాసేపు మాట్లాడుకొన్నాము, ప్రార్థన చేసికొన్నాము. శనివారము ముగ్గురమూ వెళ్లాము.

దుకాణములో పని చేసేవారిలో ఎక్కువమంది జీతము లేని ముసలివారు. బట్టలు ఉతికి, మడిచి, ధర చీటీలు కట్టి ఉన్నాయి. కొనేవారిలో మావంటి విద్యార్థులే గాక ఆ ఊరి కుటుంబాలవారూ ఉన్నారు. గల్లాపెట్టె దగ్గర కూర్చున్న పెద్దాయన మాకు సంగతంతా చెప్పాడు. ఆయన పూర్వికులు 1870లలో రష్యా దేశము విడిచి వచ్చినవారట. 1874లో మొదటి మెన్నొనైట్ కుటుంబాలు ఈ మానిటోబాకు చేరాయి. అదే కాలములో అమెరికాకు చేరిన అటువంటివారిలోనుండే 1899లో ఎన్.ఎన్. హీబర్ట్ దంపతులు మన నిజాము రాజ్యమునకు సువార్త పనికై వచ్చారు. రష్యాలో మిగిలినవారు అంతర్యుద్ధములో ఆకలితో అల్లాడుతుంటే వారికి అన్నము పెట్టుటకు 1920లో ఆ కమిటీ ఏర్పడింది. బెంగాలు కరువులో మన దేశమునకూ సహాయము చేసింది. ఇటువంటి దుకాణాలలో మొదటిది 1972లో ఈ రాష్ట్రములోనే ఆల్టోనా అనే చిన్న ఊరిలో తెరిచారు. బట్టలమ్మిన డబ్బు ఆకలిగొన్నవారికి, నిరాశ్రయులకు పోతుంది.

మేము ఒక్కొక్క కోటుకు పన్నెండు డాలర్లు ఇచ్చాము. దొర ఇచ్చిన చీర తీసుకొన్నవారు ఇంకా తల వంచుకొనవలసి వచ్చేది. ఇక్కడ మేమిచ్చిన పన్నెండు డాలర్లు మాకంటె అక్కరలో ఉన్న ఎవరి గిన్నెలోనో అన్నమవుతాయి. తీసుకొనేవారమూ మేమే, ఇచ్చేవారమూ మేమే. యొప్పేలో విధవరాండ్రకు అంగీలు కుట్టిన దొర్కాను జ్ఞాపకము చేసికొన్నాము.

మరునాడు తిమోతికి వ్రాసిన రెండవ పత్రిక నాలుగవ అధ్యాయము చదువుకొన్నాము. పరాయి పట్టణములో చెరలోనున్న పౌలు, త్రోయలో కర్పు ఇంట విడిచిన అంగీని తెమ్మనీ, చలికాలము రాకముందే రమ్మనీ అడుగుతాడు. అంత గొప్ప అపొస్తలుడు తనకు చలివేస్తుందని వ్రాయడానికి సిగ్గుపడలేదు. మేమూ ఇండ్లకు ఉన్నది ఉన్నట్లు చెప్పాలని నిశ్చయించుకొన్నాము. ఇక్కడ శనివారము రాత్రి ఎనిమిదైతే మీకు ఆదివారము ఉదయము ఏడున్నర. మీరు ఆరాధనకు సిద్ధపడే వేళ ఫోను చేశాము. అప్పు సంగతి, పని గంటలు, కోటు సంగతి అన్నీ చెప్పాము.

బొంబాయిలో మట్టి మోసిన ఆ నాయన కాసేపు మాట్లాడలేదు. తరువాత, "ఎంతకు కొన్నరు బిడ్డా?" అన్నాడు. చెప్పగానే లెక్కవేసి, "ఏడువందల చిల్లర. దానికి గొంగడి గూడ రాదు గదా! మంచిగ కప్పుకొని పో, చెవులు గూడ కప్పుకో" అన్నాడు. తరువాత అమ్మ ఫోను తీసుకొని, తానూ నాయనా బొంబాయిలో ప్లాస్టిక్ కాగితము క్రింద పడుకొన్న వానకాలము సంగతి మొదటిసారి చెప్పింది. ఇంటికి పంపిన ఉత్తరాలలో వారు అది ఎన్నడూ వ్రాయలేదట.

ప్రియ తలిదండ్రులారా, మీ పిల్లలు పంపిన ఫోటోలు చూచి సంతోషించండి. కాని ఏం చూసినవు, ఏం కొన్నవు అని అడిగే ముందు, ఏం తింటున్నవు, ఏం కప్పుకొంటున్నవు అని అడగండి. వారు చెప్పే సంగతి కష్టమైనదైనా తిట్టకుండా వినండి. దూరదేశములోనున్న తమ్ముళ్లారా, చెల్లెండ్లారా, ఇంటికి సత్యము చెప్పండి. మీ అక్కర తెలియనిదే వారు దేనికొరకు ప్రార్థించగలరు? మన సంఘాలకూ ఒక మనవి. పరాయి రాష్ట్రాలనుండి ఇటుక బట్టీలకు, పొలాలకు కూలికి వచ్చినవారు మన ఊళ్లలోనూ ఉన్నారు. ఈ చలికాలము రాకముందు వారి పిల్లలు దేనిని కప్పుకొంటున్నారో ఒకసారి పోయి చూచి రండి.

మా చదువుల కొరకు, మా ఇండ్లమీదనున్న అప్పుల కొరకు ప్రార్థించవలెనని కోరుచున్నాము. దేవుని కృప మీకందరికి తోడైయుండును గాక. ఆమేన్.