కప్పుక్రింది తోట

గడచిన సంవత్సరపు సంచికలో, నిమ్మకొమ్మపై రెక్కలు విప్పి కూర్చున్న సీతాకోకచిలుక చిత్రమొకటి అచ్చయినది పాఠకులకు జ్ఞాపకముండవచ్చును. పలువురు తలిదండ్రులు దానిని మెచ్చుకొనిరి. ఒకరు దానికి చట్రము కట్టించి గోడకు వ్రేలాడదీసితిమని కూడ చెప్పిరి. ఆ చిత్రము తీసినవారము మేమే. ఆ మెప్పు వినినపుడెల్ల మేము తల వంచుకొనుటను మీరు వినయమని తలంచిరి గాబోలు. అది వినయము కాదు.

ఆ పురుగును మొదట కనుగొన్నవాడు ఎనిమిదవ తరగతి బాలుడొకడు. వసతిగృహమున నుండి చదువుకొనువాడు. మన బావి ప్రక్కనున్న నిమ్మచెట్టుమీద అది పక్షిరెట్టవలె నలుపు తెలుపుల మచ్చలతో నుండెను. పిట్టలు చూచి రోసి విడుచుటకే దానికా వేషము. కొన్ని దినములకు ఆకుపచ్చనై, ఆకులు మేసి మేసి బలిసి, నడుమునకు పట్టుదారమొకటి చుట్టుకొని కొమ్మకు చేరబడి ప్యూపా అయ్యెను. బాలుడు ఆ కొమ్మను పెద్ద గాజుసీసాలో నిలిపి, మూతికి పలుచని గుడ్డ కట్టి, ప్రతిదినము ప్రార్థన గంటకు ముందే వచ్చి చూచిపోవుచుండెను.

రెక్కలు వచ్చిన దినమున మేము కెమెరాతో సిద్ధముగా నుంటిమి. అది యొకచోట నిలువదు. కిటికీయొద్దకు పోవును, మరల గోడమీదికి పోవును. సీతాకోకచిలుకకు స్వంతమైన ఒంటివేడి లేదనియు, ఎండయే దానికి సత్తువ నిచ్చుననియు, చల్లబడినచో కదలలేదనియు మేము తరగతిలో బోధించువారమే గదా. బాలుడు పాఠమునకు పోయినపుడు దానిని డబ్బీలో నుంచి ఫ్రిజ్జులో పెట్టితిమి. ఇంతలో ఎవరో వచ్చి మాటలాడుచుండగా ఆ సంగతి మఱచితిమి. జ్ఞాపకము వచ్చిన పిదప తీసి, కొమ్మపై కూర్చుండబెట్టి, వ్రేళ్లతో రెక్కలు సవరించి, ఫ్లాష్ వెలుతురుతో చిత్రములు తీసితిమి. చిత్రము చక్కగా వచ్చెను. పురుగు మరల లేవలేదు. మా వ్రేళ్లకు పసుపుపచ్చని పొడి అంటుకొనెను. అది పొడి కాదు. ఇంటిమీద పెంకులవలె రెక్కను కప్పియుండు పొలుసులు. రాలిన పొలుసు మరల మొలవదు.

సాయంకాలము బాలుడు ఖాళీసీసాను చూచి, "ఎగిరిపోయిందా సారూ?" అని అడిగెను.

మేము అవునంటిమి.

ఈ విద్యాసంవత్సరమున సంక్రాంతి సెలవులలో పిల్లలను వెంటబెట్టుకొని కాజీపేటలో రైలెక్కి బెంగళూరునకు విహారయాత్ర పోయితిమి. ఆ బాలుడును వచ్చెను. నగరమునకు దక్షిణమున బన్నేరుఘట్ట యందు 2006వ సంవత్సరమున తెఱచిన సీతాకోకచిలుకల తోట కలదు. అందొక గుండ్రని పెద్ద కట్టడము. దానికి పాలికార్బొనేట్ రేకుల కప్పు. లోపల పూలమొక్కలు, నీటిధార, తడిగాలి, వానికి నడుమ నడచుటకు బాట. లోనికి అడుగిడగనే మా కెమెరా కటకముపై ఆవిరి పట్టి ఏమియు కానరాదయ్యెను. రుమాలుతో తుడిచినకొలది మరల పట్టెను. కటకము లోపలి వేడికి అలవాటుపడువఱకు ఊరక నిలువవలసి వచ్చెను. చూచుటకు అదియే మంచి సమయమయ్యెను.

ఫ్లాష్ వాడగూడదని మాకు మేమే నియమము పెట్టుకొంటిమి. ఆ కప్పుగుండ దిగు ఎండ మన కరీంనగరపు ఎండ వంటిది కాదు. బయట మిట్టమధ్యాహ్నపు ఎండలో తెల్లరెక్క మఱీ తెలుపై చారలు మాసిపోవును, నల్లరెక్క బొగ్గువలె నుండును. ఇచ్చట వెలుతురు వడగట్టిన పాలవలె అన్నివైపులనుండి సమముగా వ్యాపించును. 1924వ సంవత్సరపు క్రిస్మసు దినమున ప్రతిష్ఠింపబడిన మెదకు దేవాలయమునకు పోయినవారెఱుగుదురు: అచ్చటి రంగుటద్దపు కిటికీలకు లోపలినుండి ఎన్ని దీపములు వెలిగించినను ఆ రంగులు రావు, బయట ప్రొద్దు ఉండవలెను. ఈ తోటలో మాకు ఆ కిటికీలే తలంపునకు వచ్చినవి. అయితే ఈ మెత్తని వెలుతురునకు ఒక లోపమును కలదు, అది తక్కువ. వెలుతురు చాలనిచో కెమెరా తలుపు ఎక్కువసేపు తెఱచియుండవలెను, అంతలో రెక్క కదలి చిత్రము చెదరిపోవును. నిమ్మచెట్టు జాతివి తేనె త్రాగునపుడు సయితము రెక్కలాడించుచునే యుండును. వానితో ఒక గంట వ్యర్థమయ్యెను.

అప్పుడు బాలుడు మా చొక్కా పట్టి లాగి ఒక ఆకును చూపెను. దానిమీద నల్లని సీతాకోకచిలుక యొకటి రెక్కలు పఱచి కూర్చుండెను. గ్రేట్ ఎగ్‌ఫ్లై అను జాతిలోని మగది. నలుపుమీద తెల్లని మచ్చలు, అంతే. మేము కెమెరా ఎత్తగనే లేచిపోయెను. "జర ఆగుండ్రి సారూ, మళ్ల గా ఆకు మీదికే వస్తది," అని వాడనెను. వాని ఊరు జన్నారము చేరువది. పూర్వము ఆదిలాబాదు జిల్లాలోనిది, 2016 నుండి మంచిర్యాల జిల్లాలోనిది. 2012లో పులుల అభయారణ్యముగా ప్రకటింపబడిన కవ్వాల అడవి అచ్చటనే యున్నది. వేసవిలో వాగు ఒడ్డున తడియిసుకమీద సీతాకోకచిలుకలు గుంపులుగా వ్రాలి ఉప్పు పీల్చుట చూచుచు పెరిగినవాడు. మాకు పుస్తకము తెలియును, వానికి పురుగు తెలియును.

వాడు చెప్పినట్లే అది తిరిగి వచ్చెను. మగది తన కాపు విడువదు. నాలుగుమారులు లేచెను, నాలుగుమారులు వచ్చెను. మేము మోకాళ్లమీద కూర్చుండి, రెక్కకు ఎదురుగా కటకము సమముగా నుండునట్లు పట్టితిమి. వాలుగా పట్టినచో ఒక రెక్క తేటగాను ఒకటి మసకగాను వచ్చును. ఇంకను ఏదియో తక్కువగా నుండెను. "ఇటు రాండ్రి," అని బాలుడు తాను నిలిచినచోటికి పిలిచెను. రెండడుగులు జరిగితిమి. తెల్లమచ్చల చుట్టు ఊదానీలము ఒక్కసారిగా మండెను! ఆ నీలము రంగుపూత కాదు, పొలుసుల కట్టుబాటుమీద వెలుతురు విఱుగుటవలన పుట్టునది. ఒక కోణమున తప్ప కనబడదు. కెమెరా నొక్కితిమి.

ఆ రాత్రి రైలులో మాకు నిద్రపట్టలేదు. కరీంనగరము చేరిన మఱునాడు ఆ బాలుని నిమ్మచెట్టు క్రిందికి పిలిచి, సీసా సంగతి ఉన్నదున్నట్లు చెప్పితిమి. మఱచిపోయిన సంగతియు, ఆడిన అబద్ధమును చెప్పితిమి. వాడు కొంతసేపు కాలివ్రేలితో నేల గీచుచుండెను.

"నాకెర్కే సారూ," అనెను. "పుస్తకంల బొమ్మ చూసిన్నాడే ఎర్కయింది. దాని మీసాలు కిందికి వాలి ఉండె. బతికున్నది అట్ల కూసోదు."

ఈ సంగతి వ్రాయుటకు వాని యనుమతి యడిగితిమి. తన పేరు వేయవలదని మాత్రము కోరెను. ఎగ్‌ఫ్లై చిత్రము ఈ సంచికలో నున్నది. ఎడమరెక్క అంచు కొంచెము మసక. అట్లే అచ్చునకు పంపితిమి. మీసములు నిక్కియున్నవి.