పిల్లికి నమ్మకం ఉండదు

"పిల్లికి కూడా షుగరేమిటండీ!" అని నవ్వేవాళ్ళే ఎక్కువ. వస్తుంది. మనుషుల్లో వచ్చే టైప్ 2 మధుమేహాన్ని పోలిన జబ్బే అది. లావెక్కి, ఇల్లు కదలకుండా ఉండే నడివయసు మగపిల్లుల్లో ఎక్కువ. మా బుజ్జిగాడికి తొమ్మిదో ఏట వచ్చింది. గిన్నెలు గిన్నెలు నీళ్ళు తాగడం, మాటిమాటికీ మూత్రం, బాగా తింటున్నా చిక్కిపోవడం. బెదిరిన పిల్లికి క్లినిక్కులో షుగర్ ఊరికే కూడా పెరుగుతుంది కాబట్టి, డాక్టరుగారు ఒక్క అంకెను నమ్మలేదు. మూత్రం చూసి, ఫ్రక్టోజమీన్ పరీక్ష కూడా చేయించి, అప్పుడు ఖాయం చేశారు.

మందు ఇన్సులినే. మనుషుల కోసం తయారైన గ్లార్జిన్ మా వీధి మందుల షాపులోనే దొరికింది. మనిషి కోసం చేసిన మందు పిల్లికి ఎలా పనిచేస్తుంది? పిల్లి ఇన్సులిన్‌కూ ఆవు ఇన్సులిన్‌కూ తేడా ఒకే ఒక్క అమైనో ఆమ్లం. మనకూ వాటికీ తేడా కూడా కొద్దే. జీవపరిణామం పుస్తకాల్లోనే కాదు, మా ఫ్రిజ్ తలుపులో కూడా ఉంది.

డాక్టరుగారు 1 యూనిట్‌తో మొదలుపెట్టారు, పన్నెండు గంటలకొకసారి. మన దేశంలో మిల్లీలీటరుకు 40 యూనిట్ల ఇన్సులినూ ఉంది, 100 యూనిట్లదీ ఉంది. సిరంజీలూ రెండు రకాలే. 100 మందును 40 సిరంజితో తీస్తే పడేది రెండున్నర రెట్లు. అందుకని మా ఇంట్లో ఒక్క రకం సిరంజీలే ఉంచాం. ముందు తిండి, తర్వాత సూది. తినకపోతే డాక్టరుకు ఫోను చేసిన తర్వాతే సూది. వేశామో లేదో అనుమానం వస్తే ఆ పూటకు మానెయ్యడమే. ఒక పూట ఎక్కువైన షుగర్ చంపదు, రెండుసార్లు పడిన ఇన్సులిన్ చంపగలదు. తూలినా, ఫిట్స్ వచ్చినా చిగుళ్ళకు తేనె రాసి డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి.

తిండి సంగతి. మన ఇళ్ళల్లో పిల్లికి పాలన్నం, పెరుగన్నం పెట్టడం అలవాటు. కానీ పిల్లి పూర్తి మాంసాహారి, దాని ఒంటికి పిండిపదార్థంతో పని లేదు. అన్నం మానేసి, పిండిపదార్థం తక్కువున్న తడి ఆహారానికి మార్చాం. అదీ డాక్టరుకు చెప్పి, మెల్లగా. తిండిలో పిండి తగ్గితే ఇన్సులిన్ అవసరమూ తగ్గుతుంది, పాత మోతాదే వేస్తే ప్రమాదం.

చెవి అంచున చిన్న చుక్క తీసి ఇంట్లోనే షుగర్ చూసేవాళ్ళం. టైము, తిన్నది, తాగిన నీళ్ళు, షుగర్, యూనిట్లు అన్నీ నోటుబుక్కులో రాశాం.

అప్పుడు మా పెదనాన్నగారి అన్నయ్య పొడపత్రి పొడి తెచ్చాడు. "వేసి చూడరా, పోయేదేముంది?" అన్నాడు. ఎంత వెయ్యాలన్నయ్యా అంటే "చిటికెడు" అన్నాడు. పోయేదేముందో చెప్పాను. వాసన నచ్చక పిల్లి తిండి మానేస్తే, ఇన్సులిన్ ఖాళీ కడుపు మీద పనిచేస్తుంది. పొడి నిజంగానే షుగర్ తగ్గిస్తే అదింకా ప్రమాదం. ఎంత తగ్గిస్తుందో తెలియని రెండో మందు తోడైనట్టే కదా! అన్నయ్యకూ షుగరే. ఆయన మాత్రం డాక్టరు రాసిన మాత్రలు ఒక్క పూట మానడు.

పిల్లికి నమ్మకం ఉండదు కాబట్టి దానికి ప్లసీబో పనిచెయ్యదంటారు కొందరు. కానీ పెంచేవాళ్ళకు నమ్మకం ఉంటుంది. "ఇవాళ హుషారుగా ఉంది" అనేది మనమే గదా! అందుకే తాగిన నీళ్ళను కూడా మిల్లీలీటర్లలో కొలిచాం.

అయిదో నెలకు 400 దాటిన షుగర్ 120 దగ్గర నిలిచింది. డాక్టరుగారు మోతాదు తగ్గిస్తూ వచ్చి ఇన్సులిన్ ఆపేశారు. పక్కింటి పిన్నిగారు "దిష్టి పోయింది" అన్నారు. పిల్లుల్లో ఇది తెలిసిన విషయమే. మొదట్లోనే ఇన్సులిన్, తగిన తిండి అందితే కొన్నిటికి మందు అవసరం లేని దశ వస్తుంది. మళ్ళీ తిరగబెట్టవచ్చు, అందుకే వారానికోసారి చూస్తూనే ఉన్నాం. ఆలోచించండి. ఆ అయిదు నెలల్లో తాయెత్తు కట్టి ఉంటే ఈ ఫలితం దాని ఖాతాలో పడేది. అది విని ఇంకొకరు తమ పిల్లికి ఇన్సులిన్ మాన్పిస్తే, అది చచ్చిపోయేది.

మా నోటుబుక్కు కూడా రుజువు కాదు. ఒక్క పిల్లితో ఏదీ రుజువు కాదు. 1889లో మింకోవ్‌స్కీ, వాన్ మేరింగ్ కుక్క క్లోమం తీసేస్తే దానికి మధుమేహం వచ్చింది. 1921లో టొరంటోలో బాంటింగ్, బెస్ట్ కుక్కల మీదే ఇన్సులిన్ పరీక్షించారు. 1922లో అది మనిషికి అందింది. ఇన్సులిన్ పనిచేస్తుందని చెప్పేది ఆ ప్రయోగాలూ, ఆ తర్వాత నూరేళ్ళ లెక్కలూ. జంతువులు చెల్లించిన ఖరీదుతో వచ్చిన మందు జంతువుకు వాడడం వింతేమీ కాదు, బాకీ తీర్చడమే.

1976లో రాజ్యాంగంలో చేరిన 51-ఎ అధికరణంలో (జి) ప్రాణుల పట్ల కరుణ చూపమంటుంది, (హెచ్) శాస్త్రీయ దృక్పథం పెంచుకోమంటుంది. మనం (హెచ్) గురించి ఎక్కువ మాట్లాడతాం. కొలవకుండా చూపించే కరుణ ప్రాణం తియ్యగలదు. కరుణ లేకపోతే రోజుకు రెండుసార్లు కొలిచే ఓపిక ఎవరికుంటుంది?