శ్రీకూర్మంలో నలుగుపిండి

హౌరా-చెన్నై రైలుమార్గంలో ఆమదాలవలస దగ్గర శ్రీకాకుళం రోడ్డు స్టేషనులో దిగి, బస్సులో శ్రీకాకుళం చేరి, అక్కడ మరో బస్సు పట్టుకుంటే సుమారు 15 కిలోమీటర్లలో శ్రీకూర్మం. పట్టణం దాటీ దాటకముందే అరసవిల్లి సూర్యనారాయణస్వామి. ఆయనకు దణ్ణం పెట్టుకోకుండా కూర్మనాథుని దగ్గరికి పోయే యాత్రికులు అరుదు. చర్మవ్యాధులు నయం కావాలని ఆ స్వామికి మొక్కుకునే వాడుక ఈ సీమలో చాలాకాలంగా ఉంది. ఈ సంగతి గుర్తుంచుకోండి; ముందు ముందు పనికి వస్తుంది.

శ్రీమహావిష్ణువుకు కూర్మరూపంలో పూజలు జరిగే ఇటువంటి కోవెలలు చాలా అరుదు. స్వామి పడమటి ముఖంగా ఉంటాడు. అందుకే కాబోలు, ధ్వజస్తంభాలు రెండు. మధ్వయతి నరహరితీర్థులు కళింగాన అధికారం నెరపిన కాలపు శాసనం, 1281 నాటిది, ఇక్కడి స్తంభాలలో ఉంది. ఎదుట శ్వేతపుష్కరిణి. ఆవరణలో నక్షత్రాల తాబేళ్ళు ఆకుకూరలు నములుతూ, ఎవరికీ తొందర లేదన్నట్టు తిరుగుతుంటాయి. సముద్రం మరీ దూరం కాదు. గాలిలో తేమ ఎక్కువ. గుడి చుట్టూ ఒక్కసారి తిరిగేసరికి చెమటా, జిడ్డూ కలిసి మన ముఖాలు తైలం పట్టించిన విగ్రహాల్లా మెరుస్తాయి. తాబేళ్ళకు మాత్రం ఆ బాధ లేదు!

కోవెలకు కాస్త ఎడంగా ఒక ఇంటి అరుగుమీద ముసలమ్మ ఒకతె చేటలో దినుసులు పోసుకుని ఏరుతున్నది. పెసలు, సెనగపప్పు, గుప్పెడు బియ్యం, కస్తూరిపసుపు, కచ్చూరాలు, తుంగముస్తెలు, వట్టివేళ్ళు, ఎండిన నారింజ తొక్కలు. పెళ్ళివారి నలుగుపిండి అని చూడగానే తెలుస్తుంది. పార్వతీదేవి వినాయకుణ్ణి చేసింది ఈ పిండితోనే కదా!

"బావంచాలు కనిపించవేం, మామ్మా?" అని అడిగాను.

"ఎయ్యను బాబూ. మా గుంట ఎండలో తిరుగుతాది. బావంచాలు రాసుకుని ఎండలోకెల్తే ముకం మాడిపోద్ది," అన్నది.

ఆ ఒక్క మాటలో పెద్ద శాస్త్రం ఉన్నది. బావంచాలలో సొరాలెన్ అనే పదార్థం ఉంటుంది. అది చర్మంమీద ఉండగా ఎండ తగిలితే ఒళ్ళు కమిలి, నల్లబడి, ఒక్కొక్కప్పుడు బొబ్బలెక్కుతుంది. బొల్లి మచ్చలకు రంగు తెప్పించడానికి వైద్యులు ఈ గుణాన్నే వాడుకున్నారు. మందూ, సూర్యకిరణాలూ కలిసి పనిచేసే వైద్యమన్నమాట. అరసవిల్లి స్వామికి పక్క ఊళ్ళోనే ఈ మాట వినడం నాకు ముచ్చట వేసింది. నిమ్మరసం పూసుకుని ఎండలోకి పోయినా ఇదే ప్రమాదం.

పెళ్ళికూతురు ఆమె మనవరాలే. మూడు వారాలలో ముహూర్తం. తలుపు చాటునుంచి తొంగిచూసింది. నుదుటా, బుగ్గలమీదా ఎర్రటి మొటిమలు. ఎవరో చెప్పగా ఒక ట్యూబు కొని రాసుకున్నదట. పది రోజులు ముఖం అద్దంలా మెరిసింది. మానేసిన వారానికల్లా మంట, ఎరుపు, మునుపటికి రెట్టింపు మొటిమలు. పెళ్ళివారు చూసి ఏమంటారోనని పిల్ల అన్నం సరిగా తినడం లేదు.

ఇది ఆ ఒక్క ఇంటి కథ కాదు. స్టిరాయిడ్ కలిసిన లేపనాలను ముఖం తెల్లబడుతుందని వాడి చర్మం పాడుచేసుకున్నవారు దేశమంతటా ఉన్నారు. అందుకే 2018లో కేంద్రప్రభుత్వం ఇటువంటి లేపనాలు కొన్నింటిని వైద్యుని చీటీ లేకుండా అమ్మకూడదని కట్టుదిట్టం చేసింది.

మరి నలుగుపిండి ఏం చేస్తుంది? చర్మం కింద తైలగ్రంథులున్నాయి. నుదురు, ముక్కు, గడ్డం దగ్గర ఇవి మెండు. యౌవనంలో శరీరంలో పుట్టే హార్మోనులు వీటిని ఉసిగొల్పుతాయి. ఆ ఊట ఏ పిండితోనూ ఆగదు. పైకి వచ్చిన జిడ్డును మాత్రం పెసరపిండి, సెనగపిండి పీల్చుకుని నీళ్ళతో దిగిపోతాయి. పసుపు వాపును కొంత తగ్గిస్తుంది. కుంకుడుకాయ నురగ జిడ్డును బాగా విడదీస్తుంది గాని, అది తలకే తగును. ముఖానికి ఘాటెక్కువ, కంట పడితే చెప్పనక్కరలేదు. ఈ కుంకుడు, సీకాయ, కరక్కాయ సీతంపేట, పార్వతీపురం కొండలలో గిరిజనులు ఏరి తెచ్చేవి. వాటిని కొనడానికే 1956లో విశాఖపట్నం కేంద్రంగా గిరిజన సహకార సంస్థ ఏర్పడింది.

జిడ్డు పోవాలని రోజుకు నాలుగుసార్లు గరగరా రుద్దితే మేలుకన్న కీడే ఎక్కువ. పిండిని జల్లెడ పట్టి, మెత్తనిదే తీసుకోవాలి. పాలమీగడ కలపకుండా నీళ్ళతోనో, పలుచని మజ్జిగతోనో తడిపి, వేళ్ళ కొసలతో రాసి, పూర్తిగా ఎండకముందే కడిగేసుకోవాలి. అభ్యంగనానికి నూనె ఒంటికి పట్టించినా, మొటిమలున్న ముఖాన్ని వదిలేయడం మంచిది. పుండైన మొటిమలమీద ఏ పిండీ పనికిరాదు.

ఈ మాటలే చెప్పి, ట్యూబు పట్టుకుని శ్రీకాకుళంలో చర్మవైద్యుణ్ణి చూడమన్నాను. ముసలమ్మ కాసేపు ఆలోచించి, "మరైతే నలుగు పెట్టొద్దంటావేటి?" అన్నది దిగులుగా.

"చేతులకీ, కాళ్ళకీ పెట్టండి. ముఖానికి శాస్త్రానికి బొట్టంత చాలు."

"రేపే తీసుకెల్తాను," అని ఆమె చేట చేతిలోకి తీసుకున్నది. తలుపు చాటున గాజులు గలగలలాడాయి. రోలు దగ్గరకు ముందు వచ్చి కూర్చున్నది పెళ్ళికూతురే.