మూలన పడేసిన పవర్ సప్లై, మా తమ్ముడి మీద పడ్డ నింద

పోస్టు కొంచెం పొడుగు. ఎలక్ట్రానిక్స్ తెలియనివాళ్ళు మధ్యలో రెండు మూడు పేరాలు దాటేసినా కథ అర్థమవుతుంది. తెలిసినవాళ్ళు మాత్రం ఆ పేరాలే చదవండి, తప్పులుంటే చెప్పండి.

మేం నలుగురం, పాలిటెక్నిక్ ఈసీఈ ఫైనలియర్. ముంచింగిపుట్టు వైపు నుంచి ఇద్దరు, హుకుంపేట ఒకరు, చింతపల్లి ఒకరు. కాలేజీ పేరు చెప్పం, అవసరం లేదు. మా ల్యాబ్‌లో బెంచి మీద పెట్టుకునే పవర్ సప్లైలు ఆరున్నాయి. సున్నా నుంచి 30 వోల్టుల దాకా నాబ్ తిప్పి మనకి కావాల్సినంత తీసుకునే పెట్టెలు. ఆరింట్లో మూడు మూలకి చేరిపోయాయి, మీద తెల్ల కాగితం అంటించి "పని చేయదు" అని రాసున్నాయి. మిగిలిన మూడింటి కోసం బ్యాచ్‌ల మధ్య రోజూ గొడవే.

ఆ మూలకి చివరగా చేరిన పెట్టె సంగతే ఇది. మా హాస్టల్లోనే ఉండే సెకండియర్ తమ్ముడు ఒకడు దాన్ని 5 వోల్టుల దగ్గర పెట్టి కిట్ బోర్డు నడుపుతున్నాడు. ఉన్నట్టుండి బోర్డు మీద కెపాసిటర్ పేలింది, ప్రాసెసర్ కాలింది, గదంతా వాసన. సప్లై మీద ముల్లు 30 దాటి చివరికి ఆనుకుని ఉంది. "నాబ్ మొత్తం తిప్పేశావ్" అన్నారు. "లేదు సార్, 5 దగ్గరే పెట్టాను" అని వాడు ఎంత చెప్పినా ఎవరూ వినలేదు. కాషన్ డిపాజిట్‌లోంచి 1,200 కోస్తామన్నారు. డబ్బు ఒకెత్తు. "కొండ మీద నుంచి వచ్చినోళ్ళకి నాబ్ తిప్పడం కూడా నేర్పాలా" అని ఎవరో అన్నారట, అది ఇంకొకెత్తు. ఆ తర్వాత వాడు ల్యాబ్‌కి రావడం మానేశాడు. అటెండెన్స్ పోతుంది రా అంటే, పోతే పోనీ అన్నాడు.

మాకూ ప్రాజెక్టుకి సప్లై కావాలి. అందుకే ల్యాబ్ అటెండర్ బాబాయిని బతిమాలి, సాయంత్రం 4 తర్వాత గంటన్నర ఆ పెట్టె విప్పడానికి ఒప్పించాం. "కాల్చేస్తే నా పేరు చెప్పకండి" అన్నది ఒక్కటే ఆయన షరతు.

మూత తీశాక తెలిసింది, దానికి సర్క్యూట్ డయాగ్రం లేదని. కంపెనీ స్టిక్కర్ అరిగిపోయింది. మాన్యువల్ అని ఒక్క కాగితం దొరికింది, అందులో నాబ్‌లు ఎలా తిప్పాలో ఉంది అంతే. మోడల్ నంబరు కొట్టి నెట్‌లో వెతికితే ఏమీ రాలేదు. లోపల పెద్ద ట్రాన్స్‌ఫార్మరు, డయోడ్ బ్రిడ్జి, 4700 మైక్రోఫారడ్ కెపాసిటర్, వెనక హీట్‌సింక్ మీద 2ఎన్3055 ట్రాన్సిస్టర్, ఒక బోర్డు, దాని మీద రెండు 741 ఐసీలు.

మేం మొదట చేసిన పని తప్పు పని. సంత దగ్గర టీవీలు బాగుచేసే అన్నని అడిగితే "నాబ్‌కి లొంగకుండా ఫుల్ వోల్టేజ్ వస్తోందంటే పవర్ ట్రాన్సిస్టర్ షార్ట్ అయ్యుంటుంది, మార్చేయండి" అన్నాడు. ఎక్కువ పెట్టెల్లో నిజంగానే అదే పోతుంది, ఆయన్ని అనడానికి లేదు. మాలో ఒకడు ఘాట్ దిగి విశాఖ వెళ్ళి కొత్తది తెచ్చాడు. అభ్రకం రేకు, తెల్ల పేస్టు పెట్టి బిగించాం. ఆన్ చేస్తే మళ్ళీ అదే 42. అప్పుడు పాతదాన్ని మీటర్‌తో చూస్తే అది శుభ్రంగా ఉంది! ముందు చూసి తర్వాత కొనాల్సింది. బస్సు ఛార్జీలు దండగ.

ఇంకో సంగతి, ఇది తప్పకుండా గుర్తుపెట్టుకోండి. ప్లగ్ పీకేసినా ఆ పెద్ద కెపాసిటర్‌లో 40 పైన వోల్టులు ఉండిపోతాయి. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేస్తే తెల్లటి మెరుపొచ్చి కొన మాడింది (మాదే, చేశాం). ఆ తర్వాత నుంచి ఒక లావు రెసిస్టర్ కాళ్ళకి వైర్లు అతికించి, దాన్ని పెట్టి నెమ్మదిగా ఖాళీ చేశాం, మీటర్‌లో సున్నా చూశాకే చెయ్యి పెట్టాం. విప్పిన ప్రతిసారీ, మళ్ళీ మొదటిసారి కరెంట్ ఇచ్చేటప్పుడు 60 వాట్ల బల్బుని సిరీస్‌లో పెట్టాం. లోపల షార్ట్ ఉంటే బల్బు నిండుగా వెలుగుతుంది, పెట్టె కాలదు.

ఇక బొమ్మ గీయడమే దారి అనుకున్నాం. బోర్డు ఒకవైపే రాగి గీతలున్నది. వెనక నుంచి ఫోన్ టార్చ్ వేసి ఫొటోలు తీసి, అద్దంలోలా తిప్పి, చార్ట్ పేపర్ మీద ఒక్కో గీతా ఎక్కించాం. మాలో ఒకామెకి చెయ్యి నిలకడ ఎక్కువ, పెన్సిల్ ఆమెకే ఇచ్చాం. మిగతావాళ్ళం మీటర్ బీప్ పెట్టి "ఇది దానికి, అది దీనికి" అని చెప్పాం. మూడు సాయంత్రాలు పట్టింది. డేటాషీట్ ఇంగ్లీషు, ల్యాబ్‌లో మాటలు తెలుగు, మా కొట్లాట మాత్రం ఆదివాసీ ఒడియాలో. కొట్లాటలోనే ఎక్కువ అర్థమైంది అనుకోండి.

పెద్ద కొట్లాట ఎక్కడంటే, బోర్డు మీద చిన్న కెపాసిటర్ మైనస్ కాలు పెట్టె నల్ల టెర్మినల్‌కి వెళ్ళాలి కదా. వెళ్ళలేదు. ఎర్ర టెర్మినల్‌కి వెళ్ళింది. తప్పు గీశాం అని రెండుసార్లు చెరిపేసి మళ్ళీ చూసినా అదే. పైగా ఆన్‌లో పెట్టి, నల్ల ప్రోబుని నల్ల టెర్మినల్ మీద ఉంచి 741 కాళ్ళు కొలిస్తే 7వ కాలు దగ్గర 54 వోల్టులు! ఆ ఐసీ సప్లై కాళ్ళ మధ్య మహా అయితే 44 తట్టుకుంటుంది. చచ్చిపోయుంటుంది, మార్చేద్దాం అన్నారు ఇద్దరు. ట్రాన్సిస్టర్ దెబ్బ గుర్తుండి మిగతా ఇద్దరం ఆపాం.

4వ కాలు కూడా చూశాం, 36 ఉంది. 54లోంచి 36 తీస్తే 18. ఐసీకి అందుతున్నది 18 మాత్రమే, హాయిగా ఉంది! అప్పుడు ముంచింగిపుట్టు వాడు అన్నాడు: "ఒరే, మా ఊరు ఎత్తులో ఉందా పల్లంలో ఉందా అంటే ఏం చెప్తావ్? గెడ్డ దగ్గర నిలబడితే ఎత్తు, కొండ మీద నిలబడితే పల్లం. మనం నిలబడ్డ చోటే తప్పు." నల్ల ప్రోబు తీసి ఎర్ర టెర్మినల్ మీద పెట్టాం. 7వ కాలు ప్లస్ 12, 4వ కాలు మైనస్ 6. అంతా సర్దుకుంది. ఈ పెట్టెలో బోర్డుకి విడిగా చిన్న సప్లై ఉంది, దాని సున్నా పెట్టె ప్లస్ అవుట్‌పుట్ దగ్గర ఉంది. పాత మంచి సప్లైలు చాలా ఇలాగే చేస్తారని తర్వాత చదివాం. బోర్డు మొత్తం అవుట్‌పుట్‌తో పాటు పైకి తేలుతుంది, అందుకే ఐసీకి పెద్ద వోల్టేజ్ తగలదు.

అక్కడి నుంచి పని సాఫీగా సాగింది. 6.2 వోల్టుల జీనర్ ఒకటి, దాని నుంచి 2 కిలో ఓముల రెసిస్టర్, ఆ చివర 741 ఇన్‌పుట్‌కి. అదే చోటు నుంచి ఒక వైరు ముందున్న నాబ్‌కి, అంటే 10 కిలో ఓముల పాట్‌కి, అక్కడి నుంచి నల్ల టెర్మినల్‌కి. 6.2ని 2తో భాగిస్తే 3.1 మిల్లీయాంపులు. దాన్ని 10 కిలో ఓములతో గుణిస్తే 31 వోల్టులు. పెట్టె మీద 30 అని రాసుంది! చార్ట్ పేపర్ మీద ఆ 31 వచ్చినప్పుడు మేం అరిచిన అరుపుకి అటెండర్ బాబాయి పరిగెత్తుకొచ్చాడు, మళ్ళీ ఏదో పేలిందని.

పని చేసే పెట్టెలో ఆ ఇన్‌పుట్ దగ్గర సున్నా ఉండాలి. మా దాంట్లో 0.65 ఉంది, కాపలాకి పెట్టిన డయోడ్ దగ్గర ఆగిపోయింది. అంటే పాట్ వైపు దారి తెగింది. దారి తెగితే అవుట్‌పుట్ చాలట్లేదు అన్న కబురే ఐసీకి చేరుతుంది, అది ఇంకా ఇవ్వు ఇంకా ఇవ్వు అని ట్రాన్సిస్టర్‌ని పూర్తిగా తెరిచేస్తుంది. ట్రాన్సిస్టర్, ఐసీ రెండూ నిజాయితీగా పని చేస్తున్నాయి. వాటికి అందిన కబురే తప్పు.

ప్లగ్ పీకి, కెపాసిటర్ ఖాళీ చేసి, పాట్ కాళ్ళ దగ్గరే కొలిస్తే నాబ్‌తో పాటు చక్కగా మారుతోంది. బోర్డు దగ్గర నుంచి కొలిస్తే దారి లేదు. మరి వైరు? చూడ్డానికి బాగానే ఉంది. వేళ్ళతో పట్టి లాగితే పాట్ దగ్గర రబ్బరులా సాగింది. లోపల తీగ తెగిపోయి, పై తొడుగు మాత్రం మిగిలింది.

ఎందుకు తెగిందో కూడా తెలిసింది. నాబ్ వెనక నట్టు వదులైంది. ఎవరు తిప్పినా పాట్ మొత్తం కొంచెం తిరుగుతుంది, వైరు మెలిపడుతుంది. ఎన్నేళ్ళుగా ఎంతమంది తిప్పారో. ఆ రోజు తెగడం మా తమ్ముడి చేతిలో తెగింది, అంతే.

వెంటనే అతికించలేదు. తెగిన కొనల్ని తొడుగులోనే దగ్గరికి నెట్టి, నాబ్ 5 దగ్గర పెట్టి ఆన్ చేశాం. ముల్లు 5 దగ్గర నిలబడింది. నాబ్‌ని తిప్పకుండా, వేలితో కొంచెం కదిపాం. ముల్లు ఎగిరి చివరికి కొట్టుకుంది. 42. ఫోన్‌లో వీడియో తీశాం, 14 సెకన్లు. తర్వాతే మెత్తటి పలుచని తీగల వైరు కొంచెం వదులుగా వేసి అతికించి, లాక్ వాషర్ పెట్టి నట్టు బిగించాం. ఖర్చు 10 రూపాయల లోపే, బస్సు ఛార్జీలు, ట్రాన్సిస్టర్ లెక్కేయకపోతే.

వీడియో సార్‌కి చూపించాం. రెండుసార్లు చూశారు. "పాత పెట్టె కదా, అవుతుంటాయి" అన్నారు. మరి తమ్ముడి 1,200 సంగతేంటి సార్ అంటే, అప్లికేషన్ రాసివ్వమన్నారు. రాసిచ్చి మూడు వారాలైంది, ఆఫీసులో ఉందట. నాబ్ మాట అన్నవాళ్ళు మాత్రం ఇప్పటిదాకా ఏమీ అనలేదు. మేం అడగలేదు, తమ్ముడు వద్దన్నాడు.

వాడు వీడియో చూసి నవ్వలేదు, ఏడవలేదు. "చెప్పాను కదన్నా" అన్నాడు. సోమవారం నుంచి ల్యాబ్‌కి వస్తున్నాడు. సప్లై ఏదైనా సరే, బోర్డు తగిలించే ముందు మీటర్ పెట్టి, నాబ్‌ని ఒకసారి కదిపి చూస్తున్నాడు. ఇప్పుడు వాడి బ్యాచ్ మొత్తం అలాగే చేస్తోంది.

మూలన ఇంకా రెండున్నాయి. సారే విప్పమన్నారు. ఈసారి చార్ట్ పేపర్ డిపార్ట్‌మెంట్‌దే. రెండో పెట్టెలో నాబ్ 15 దగ్గరికి రాగానే రిలే టకటకమని ఆగకుండా కొట్టుకుంటోంది. ట్రాన్స్‌ఫార్మర్ ట్యాప్ మార్చే రిలే అనుకుంటున్నాం. మీలో ఎవరైనా ఇలాంటిది చూసుంటే ఏం చేశారో చెప్పండి.