తాత పాటకి సౌండు రాలేదు



మా హాస్టల్‌లో మూడు పాత కంప్యూటర్లున్నయి, మూడిట్లోనూ ఉబుంటు 18.04. ఫోన్లు పెట్టుకోనివ్వరు కాబట్టి మాకు అవే దిక్కు. ఆ మధ్య ఒక దాదా లింకు పంపిండు. మా ఊరి ప్రధాన్ తాత ఇంటి ముందు కూర్చుని, కిక్రీ వాయిస్తూ మా వంశం కథ పాడిన వీడియో అది. తాత పోయిన ఎండాకాలం చనిపోయిండు. ఆ కథ మొత్తం వచ్చినోళ్లు మా ఊర్లో ఇంకెవరూ లేరు. ఆయన మనవడు మాతోనే తొమ్మిదో తరగతి చదువుతున్నడు.

రాత్రి అన్నం తిన్నాక అందరం గుమిగూడినం. వీడియో ఆడలేదు. కోడెక్‌లు వేసుకోవాలని ఫైర్‌ఫాక్స్ పైన ఒక పట్టీ చూపించింది. పేటెంట్ల గొడవ వల్ల ఇవి ఉబుంటుతో పాటు రావు, మనమే వేసుకోవాలి. వెతికితే కొన్ని పాత పేజీలు ఫ్లాష్ ప్లగిన్ వేయమన్నయి. వేయకండి, దాన్ని 2020 చివర్లోనే ఆపేసిండ్రు.

టెర్మినల్ తెరిచి 'సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ ఉబుంటు-రెస్ట్రిక్టెడ్-ఎక్స్‌ట్రాస్' కొట్టినం, అన్నీ చిన్న ఇంగ్లీషు అక్షరాలే. పాస్‌వర్డ్ కొడుతుంటే ఏమీ కనబడదు. కీబోర్డు పోయిందనుకుని మేం రెండుసార్లు మార్చినం! మధ్యలో ఫాంట్ల లైసెన్సు తెర వస్తుంది, దాని మీద మౌస్ పనిచేయదు. ట్యాబ్ నొక్కి ఓకే మీదికి పోయి, ఎంటర్ కొట్టాలి.

వీడియో వచ్చింది. తాత కమాను లాగుతున్నడు, నోరు కదులుతున్నది, సౌండు మాత్రం లేదు. మనవడు లేచి బయటికి పోయిండు.

మర్నాడు టౌన్‌లో ఒక షాపాయన్ని అడిగితే, "ఫైలే పాడైనట్టుంది. విండోస్ వేయించుకోండి, ఎనిమిది వందలు" అన్నడు. మా దగ్గర అన్ని పైసలు లేవు. ఒక రకంగా అదే మంచిదైంది.

ఇంకో పాట పెట్టి చూసినం, దానికీ సౌండు లేదు. అంటే తాత ఫైలు బాగానే ఉండొచ్చు! సెట్టింగ్స్‌లో సౌండ్, అందులో అవుట్‌పుట్ చూస్తే హెచ్‌డీఎంఐ ఎంచి ఉంది. స్పీకరే లేని మానిటర్‌కి సౌండు పోతున్నదన్నమాట. లైన్ అవుట్‌కి మార్చినం. అయినా రాలేదు.

చివరికి టెర్మినల్‌లో 'ఆల్సామిక్సర్' కొట్టినం. ఎఫ్6 నొక్కి అసలు సౌండ్ కార్డు ఎంచుకోవాలి, ఇది మరిచిపోతే అన్నీ బాగున్నట్టే కనిపిస్తయి. మాస్టర్ గడి కింద రెండు 'ఎమ్'లున్నయి, మ్యూట్ అని అర్థం. కీబోర్డు మీద 'ఎమ్' నొక్కితే అవి రెండు సున్నాలైనయి. పై బాణంతో పెంచినం. మళ్లీ ఆన్ చేసినప్పుడు పోకుండా 'సుడో ఆల్సాసీటీఎల్ స్టోర్' కూడా కొట్టినం.

మనవణ్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి కూర్చోబెట్టి వీడియో మొదటినుంచి పెట్టినం. ముందు కిక్రీ, దాని వెనకే తాత గొంతు. నడుమ ఎక్కడో కోడి కూసింది, అదీ వినబడ్డది. చిన్నపిల్లలు నవ్విండ్రు.

వాడు నవ్వలేదు. తెర మీదినుంచి కళ్లు తీయకుండా, "ఇంకొంచెం పెంచు దాదా" అన్నడు.